మడ అడవి వెనక్కి జరగడానికి చోటేదీ?

పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

వాతావరణ మార్పు అనగానే ధ్రువాల మంచు గుర్తొస్తుంది. నేను మాత్రం మన కోరింగ గురించే మాట్లాడతాను. కాకినాడకు దగ్గర్లో, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఉన్న ఈ మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. వైశాల్యం సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

మడ చెట్టు ఉప్పునీటిని తట్టుకుంటుంది. అలాగని ఉప్పునీరొక్కటే ఉంటే బాగా పెరగదు. నది నుంచి మంచినీరు రావాలి, దాంతో ఒండ్రు రావాలి. ఒండ్రు ఏటా కాస్త కాస్త పేరుకుంటే నేల ఎత్తు పెరిగి, సముద్రం పైకొచ్చినా అడవి మునగదు. ఇంకా పైకొస్తే విత్తనాలు లోపలి వైపు నాటుకుని, తరాల మీద అడవే మెల్లగా వెనక్కి జరుగుతుంది.

ఇప్పుడు సముద్రం తొందరపెడుతోంది. 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సగటు సముద్రమట్టం దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 నుంచి 2018 వరకు చూస్తే ఏటా 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతూ వచ్చింది. నీరు వేడెక్కి వ్యాకోచించడం, హిమానీనదాలు కరగడం ఇందుకు ముఖ్య కారణాలు. మరి మనమేం చేశాం? ఎగువన గోదావరి మీద, ఉపనదుల మీద జలాశయాలు కట్టుకున్నాం. ఒండ్రు చాలావరకు అక్కడే ఆగిపోతోంది. 1990ల నుంచి అడవి వెనుక రొయ్యల చెరువులు తవ్వి గట్లు పోశాం. ముందు నుంచి సముద్రం తోస్తోంది, వెనక గట్టు అడ్డం. నా దృష్టిలో అసలు ప్రమాదం ఈ ఇరుకే. వాతావరణం పేరు చెప్పి ఇందులో మన వాటాను దాచుకోకూడదు.

మడ చెట్ల వేళ్ల మధ్యే రొయ్య పిల్లలు, పీతలు, పండుగప్ప పిల్లలు పెరుగుతాయి. నీటిపిల్లి వేటాడేది ఆ కాలవల్లోనే. అడవి తగ్గితే వల మీద బతికే కుటుంబాల రాబడీ తగ్గుతుంది. 1996 నవంబరు తుపాను ఎంత దెబ్బ కొట్టిందో ఇక్కడి పెద్దలకు నేను చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు అలల జోరును కొంతైనా తగ్గించేవి ఈ చెట్లే. వాటి కింది బురదలో తరతరాల కార్బన్ నిల్వ ఉంటుంది, చెరువు కోసం తవ్వితే అది మళ్లీ గాల్లో కలుస్తుంది.

మొక్కలు నాటి ఫొటో దిగితే సరిపోదు. నీరు ఆడక ఉప్పు పేరుకున్న చోట మొక్క నిలవదు. గోదావరి, కృష్ణా మడ అడవుల్లో అటవీ శాఖ, స్వామినాథన్ పరిశోధనా సంస్థ, గ్రామస్థులు కలిసి చేపముల్లులా కాలవలు తవ్వారు. పోటు నీరు లోపలికొచ్చి పాటుకు వెళ్లిపోవడం మొదలయ్యాక అక్కడ మడ మళ్లీ లేచింది. పాడుపడిన రొయ్యల చెరువుల గట్లు తెగ్గొట్టి కూడా ఈ పని చేయొచ్చు. వేసవిలో డెల్టా చివరి దాకా కొంత మంచినీరు వదలడాన్ని నీటి పంపకాల లెక్కల్లో చేర్చాలి. ఇది రైతుకు వ్యతిరేకమైన మాట కాదు, ఉప్పు లోపలికి పాకితే ముందు పాడయ్యేది చివరి ఊళ్ల పొలాలు, బోర్లే. మీ ఊళ్లో ఎవరైనా కొత్త చెరువు తవ్వుతామంటే, ఆ భూమి అడవి వెనక్కి జరగాల్సిన దారిలో ఉందేమో గ్రామసభలో లేచి అడగండి.