ఒంటరి మగ గినీ పిగ్‌కి జోడీ వెతకడం: మా లడ్డూ కథ

ముందు ఈ సౌండ్ వినండి.

క్లిప్: లడ్డూ నడుం ఊపుకుంటూ చిన్నోడి చుట్టూ తిరుగుతున్నాడు.

ఫోన్ వైబ్రేట్ అయినట్టు గుర్రుమంటోంది కదా, అది మా లడ్డూనే. పక్కన బిక్కుబిక్కుమంటూ ఉన్నోడు కొత్తగా వచ్చిన పిల్లోడు. మా అమ్మ ఇది చూసి "అయ్యో కొట్టుకు చస్తాయిరా, తీసెయ్ తీసెయ్" అని ఒకటే గోల. కొట్టుకోవట్లేదమ్మా, ఇక్కడ పెద్దన్న నేనే అని చెప్పుకుంటున్నాడు అంతే.

గినీ పిగ్ గుంపులో బతికే జీవి, స్విట్జర్లాండ్‌లో అయితే 2008 నుంచి ఒక్కదాన్నే పెంచడం చట్టం ఒప్పుకోదు. కొంతమంది తోడుకి కుందేలుని పెడతారు, దయచేసి వద్దు, కుందేలుకి ఏమీ చెయ్యని బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా వీటికి నిమోనియా తెప్పిస్తుంది, పైగా అది వెనక కాళ్లతో ఒక్కటి తన్నిందంటే అంతే సంగతులు.

మరి మగదానికి ఆడదాన్ని తెచ్చేయొచ్చా? మగదానికి ఆపరేషన్ చేయిస్తే అంతకంటే మంచి జోడీ లేదు, కానీ ఆపరేషన్ అయ్యాక కూడా ఆరు వారాలు విడిగా ఉంచాలి, అప్పటిదాకా పిల్లలు పుట్టే ఛాన్స్ ఉంటుంది. ఇంత చిన్న జంతువుకి మత్తు ఇచ్చి చేసే అనుభవం ఉన్న డాక్టర్ దొరకడమే మనకి కష్టం. ఆపరేషన్ లేకుండా కలిపితే రెండు నెలలు తిరిగేసరికి పిల్లలు, కన్న కొన్ని గంటలకే మళ్లీ కడుపు, ఆ తల్లి ప్రాణానికే ప్రమాదం.

అందుకే నేను ఇంకో మగపిల్లోణ్ణి తెద్దామనుకున్నా. పెద్ద మగదానికి చిన్న మగపిల్ల అయితే ఎక్కువగా సెట్ అవుతుంది, ఎవరు పెద్ద అన్న గొడవ తక్కువ.

ఇక్కడే దెబ్బ తిన్నా. షాపాయన ఒట్టేసి మరీ మగదే అన్నాడు. కొత్తదాన్ని రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచాలి కదా, పేలు, తామర, జలుబు లాంటివి ఉంటే అప్పుడే బయటపడతాయని. ఆ టైమ్‌లో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన వెల్లకిలా తిప్పి ఒక్క క్షణం చూసి నవ్వాడు, "బాబూ, ఇది ఆడపిల్ల." వేరే గది లేకపోతే ఈపాటికి నా ఇల్లు గినీ పిగ్ ఫామ్ అయ్యుండేది! వెంటనే తిరిగిచ్చేసి, ఈసారి వీణ్ణి డాక్టర్‌కి చూపించాకే ఖాయం చేసుకున్నా.

కలిపే రోజు లడ్డూ కేజ్‌లో మాత్రం పెట్టకండి, అది వాడి ఇల్లు, ఊరుకోడు. నేను హాల్లో ఉతికిన దుప్పటి పరిచి, మధ్యలో గడ్డి కుప్ప పోసి, చుట్టూ క్యాప్సికం ముక్కలు చల్లి ఇద్దర్నీ ఒకేసారి వదిలా. గుర్రుమనడం, ఎక్కడం, వెంటపడటం, వాసన చూడటం ఇవన్నీ మామూలే, ప్రతిసారీ విడదీస్తే మళ్లీ మొదటికొస్తుంది. పళ్లు టకటకలాడిస్తూ ఒళ్లు ఉబ్బించి ఎదురెదురుగా నిలబడితే జాగ్రత్త. మీద దూకి కరుచుకుని దొర్లుతుంటే మాత్రం టవల్ వేసి విడదీయండి, చెయ్యి పెడితే మీకే కుట్లు పడతాయి.

ఇంకోటి, అన్నీ రెండేసి ఉండాలి, నీళ్ల బాటిల్, గిన్నె, దాక్కునే డబ్బా. డబ్బాకి రెండు వైపులా దారి ఉండాలి, లేకపోతే చిన్నోడు మూలన ఇరుక్కుంటాడు. షాపుల్లో అమ్మే బుల్లి కేజ్ ఇద్దరు మగాళ్లకి చాలదు, పదీ పదకొండు చదరపు అడుగులైనా కావాలి. మూడో మగదాన్ని తేకండి, అదే గదిలో ఆడవాటినీ పెట్టకండి.

చిన్నోడికి నాలుగో నెల దాటాక పొగరు మొదలవుతుంది, సంవత్సరం దాకా గొడవలు రావచ్చు, అది నేనింకా చూడలేదు.

క్లిప్: మూడో రోజు పొద్దున.

చూడండి, లడ్డూ నోట్లో కొత్తిమీర కాడ, రెండో చివర చిన్నోడి నోట్లో. లాగుతున్నాడు, లాగుతున్నాడు... లాగేసుకుని పరుగో పరుగు! మా పెద్దన్న అలా చూస్తూ నిలబడ్డాడు పాపం.