బొంకులదిబ్బ దగ్గరే చెప్పేశాడు

సభకు నమస్కారం.

గురజాడ అప్పారావు నాటకం ‘కన్యాశుల్కం’లో తెర లేవగానే కనిపించేది విజయనగరంలోని బొంకులదిబ్బ. బొంకు అంటే అబద్ధం. ఆ పేరు గురజాడ కల్పించింది కాదు, ఊళ్లో నిజంగా ఉన్న చోటే. అక్కడ నిలబడి గిరీశం తనలో తాను మాట్లాడుకుంటాడు. సామాను కొంటానని పూటకూళ్లమ్మ దగ్గర తీసుకున్న డబ్బు వేశ్యకు ఖర్చుపెట్టేశానని చెప్పేస్తాడు. అంటే నాటకంలోని వాళ్లు మోసపోవచ్చు గానీ మనం మోసపోయే వీలు లేదు. అయినా కొద్దిసేపట్లోనే అతనంటే మనకు ఇష్టం పుడుతుంది. నన్ను చాలాకాలంగా తొలుస్తున్న సంగతి ఇదే.

గిరీశం తన శిష్యుడు వెంకటేశం వెంట, అతని తండ్రి అగ్నిహోత్రావధాన్లు ఇంటికి వెళ్లే రంగం గుర్తుచేసుకోండి. గిరీశం వేషం చూసి ఎవరో తురకవాడనుకుని చిరాకుపడ్డ మనిషికి, కాసేపటికే అతను మహా పండితుడిగా కనిపిస్తాడు. కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని తండ్రి ముచ్చట. గురువు చిన్నపిల్లల పాట అందుకుంటాడు. శిష్యుడు రేఖాగణిత సూత్రం ఒకటి వల్లిస్తాడు, ఆ తర్వాత బహువచనాల వ్యాకరణ నియమం. అర్థమేమిటని అడిగితే, సెలవుల్లో చదువు ఎలా సాగాలో మాట్లాడుకుంటున్నామని జవాబు. కోర్టు వ్యాజ్యాల్లో మునిగి తేలే అవధాన్లు, తనకు రాని భాష ముందు కళ్లప్పగించాడు. మనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం. ఆ నవ్వుతోనే మోసగాడి పక్షాన చేరిపోతాం.

సౌజన్యారావు పంతులు సంగతి వేరు. విశాఖపట్నంలో వకీలు, నిజాయితీపరుడు, సంస్కర్త. ఆయనా గిరీశాన్ని నమ్మాడు. గిరీశం పలికినవన్నీ ఆయన మనసులోని మాటలే మరి. మన అభిప్రాయాన్నే ఎదుటివాడు మనకంటే గట్టిగా చెబుతుంటే, వాడి నడత విచారించాలని ఎవరికి తోస్తుంది?

వేశ్యలంటే మాత్రం ఆయనకు గిట్టదు. అందుకే వేశ్య అయిన మధురవాణి ఆయన దగ్గరకు మగవేషంలో వస్తుంది. అగ్నిహోత్రావధాన్లు చిన్న కూతుర్ని ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వకుండా ఆపడానికి, ఆ పిల్ల మేనమామ కరటకశాస్త్రి అప్పటికే తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి అతనికి కట్టబెట్టాడు. ఆ ‘పెళ్లికూతురు’ మాయమయ్యేసరికి ముసలాయన మీద హత్యానేరం పడింది. చిక్కు విప్పే నిజం మధురవాణి దగ్గర ఉంది, దానికి ఆమె అడిగిన వెల ఒక ముద్దు. తీరా పంతులు ఒప్పుకున్నాక, చెడనివారిని చెడగొట్టవద్దని తన తల్లి చెప్పిందంటూ తానే వద్దంటుంది. గిరీశం బండారం బయటపడేదీ ఆమె వల్లనే. నాటకం 1892లో తొలిసారి ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. మనం ఇవాళ చదివేది 1909లో గురజాడ బాగా తిరగరాసిన రూపం. ఈ ఒక్క రంగం కోసమైనా ఆ శ్రమకు దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

చివరికి ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది’ అని గిరీశం వెళ్లిపోతాడు. ఆ మాట ఎంత పేలుతుందంటే, అతన్ని నమ్మి ఇల్లు వదిలి వచ్చిన బుచ్చమ్మ, అంటే అగ్నిహోత్రావధాన్లు వితంతు కూతురు, అప్పుడు మన కళ్ల ముందు లేదన్న సంగతి చాలామందికి తట్టదు. ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపుతారన్న కబురు ఒక్కటే మన చెవిన పడుతుంది.