గుండె లయ తప్పినవాళ్లు నడవొచ్చా? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్కారం. ఈ రోజు అంశం గుండె లయ తప్పడం, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. పొట్టిగా ఏఎఫ్. స్టూడియోలో గుండె డాక్టర్ గారున్నారు. కాల్స్ అప్పుడే వస్తున్నాయి. డాక్టర్ గారూ, ముందు రెండు ముక్కల్లో చెప్తారా?

డాక్టర్: రెండు ముక్కలే చెప్తాను. గుండెలో పై గదులు రెండు, కింది గదులు రెండు. ఏఎఫ్‌లో పై గదులు సరిగ్గా ముడుచుకోవు, ఊరికే వణుకుతుంటాయి. ఎడమ పై గదికి చిన్న సంచి లాంటిది ఒకటుంటుంది. అందులో రక్తం నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. ఏఎఫ్ లేనివాళ్లతో చూస్తే ఉన్నవాళ్లకు ఈ ముప్పు దాదాపు 5 రెట్లు. అందుకే ఎప్పుడొచ్చినా ఒకటే మొత్తుకుంటాను. రక్తం పలచబడే మాత్ర మానొద్దు. నడకా యోగా అన్నీ దాని తర్వాతే.

యాంకర్: తొలి కాలర్ తెనాలి నుంచి. చెప్పండి సార్.

కాలర్ (తెనాలి): హలో... హలో... వినపడుతోందాండీ?

యాంకర్: వినపడుతోంది. మీ టీవీ సౌండ్ తగ్గించండి.

కాలర్: తగ్గించానండి. నమస్కారం డాక్టర్ గారూ. నాకు 71 ఏళ్లు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. సంగతేమిటంటే, ముప్పై ఏళ్లుగా పొద్దున్నే కాలవగట్టు మీద నడిచేవాణ్ణండి. వానొచ్చినా గొడుగేసుకుని వెళ్లేవాణ్ణి. మొన్న సంక్రాంతికి మా అబ్బాయి వాళ్లొచ్చారు. భోగి రోజు పొద్దున మంట దగ్గర నిలబడ్డాను, గుండెలో పిట్ట కొట్టుకున్నట్టయింది. గ్యాసేమోలే అని జీలకర్ర నీళ్లు తాగి...

డాక్టర్: మాస్టారూ, ఈసీజీ తీశారా?

కాలర్: తీశారండి, ఏఎఫ్ అన్నారు. మందులిచ్చారు. అప్పట్నుంచి మా ఆవిడ నన్ను గడప దాటనివ్వట్లేదు. గుండె జబ్బు పెట్టుకుని గట్టు మీద పడిపోతే ఎవరు చూస్తారంటుంది. ఆర్నెల్లయింది. ఇప్పుడు ఇంకోటి మొదలైంది, మతిమరుపు. మొన్న పెరట్లో కరివేపాకు కోసుకురమ్మంటే నందివర్ధనాలు కోసుకొచ్చాను. అదైనా నయమే. మనవడికి పదిహేడో ఎక్కం చెప్తూ మధ్యలో ఆగిపోయానండి. ఎన్ని వందలమందికి చెప్పుంటాను! పదిహేడు ఎనిమిదుల దగ్గర...

డాక్టర్: నూట ముప్పై ఆరు.

కాలర్: అదేనండి! మీకొచ్చింది, నాకు రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంతకీ నేను నడవొచ్చా?

డాక్టర్: నడవొచ్చు. కానీ ముందు ఒక పని చేద్దాం. ఎడమ అరచెయ్యి పైకి తిప్పండి. బొటనవేలి కింద, మణికట్టు దగ్గర మూడు వేళ్లు ఆనించండి. నాడి తగులుతోందా?

కాలర్: ఫోనెవరు పట్టుకుంటారండీ... ఏమేవ్, ఇది పట్టుకో. ఆ, తగులుతోంది.

డాక్టర్: కొట్టుకున్నప్పుడల్లా టక్ అనండి.

కాలర్: టక్... టక్... టక్‌టక్... ... టక్... టక్‌టక్‌టక్... ...

డాక్టర్: చాలు. వరస లేదు. ఇప్పుడు కూడా లయ తప్పే ఉన్నట్టుంది. ఆయాసం, కళ్లు తిరగడం ఉన్నాయా?

కాలర్: అబ్బే, పొద్దున శుభ్రంగా రెండు పెసరట్లు తిన్నానండి.

డాక్టర్: మంచిది. రోజూ కుర్చీలో కూర్చుని నాడి లెక్కపెట్టండి. పూర్తి నిమిషం పెట్టాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఇందులో లెక్క తప్పుతుంది, వరస లేదు కదా. కదలకుండా కూర్చున్నప్పుడే 110 దాటుతుంటే ఆ రోజు నడక వద్దు, మీ డాక్టర్‌ని కలవండి.

కాలర్: మరి ఈ మతిమరుపు గుండె వల్లేనంటారా?

డాక్టర్: చూడకుండా నేను చెప్పలేను. ముందు బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. థైరాయిడ్ ఎక్కువైతే గుండె లయ కూడా తప్పుతుంది. అయితే ఏఎఫ్ ఉన్నవాళ్లలో మతిమరుపు జబ్బు ఎక్కువగా కనపడుతున్న మాట నిజం, పక్షవాతం రానివాళ్లలో కూడా. స్విట్జర్లాండ్‌లో 1,700 మందికి పైగా ఏఎఫ్ పేషెంట్లకు మెదడు ఎమ్మారై తీశారు. ఎప్పుడూ పక్షవాతం రాలేదన్నవాళ్లలో కూడా కొందరికి లోపల పాత దెబ్బల మచ్చలున్నాయి. చెయ్యి పడిపోలేదు, మూతి వంకరపోలేదు. వాళ్లకే తెలియదు.

కాలర్: నడిస్తే ఆ మచ్చలు పోతాయాండీ?

డాక్టర్: పోవు. పడ్డ మచ్చ పడ్డదే. నడిస్తే మతిమరుపు రాదని కూడా నేను గ్యారంటీ ఇవ్వను. కానీ నడకతో బీపీ, షుగరు, బరువు అదుపులోకొస్తాయి. మెదడులోని సన్న రక్తనాళాల్ని తినేసేవి అవే. గుండె లయని చెడగొట్టేవీ అవే. మీరు భయపడి ఆర్నెల్లు కూర్చున్నారు. ఎంత బరువు పెరిగారు?

కాలర్: ఐదు కిలోలండి.

డాక్టర్: చూశారా! అది గుండెకీ మంచిది కాదు, తలకీ మంచిది కాదు. రేపు పది నిమిషాలతో మొదలుపెట్టండి, చదును నేల మీద. మెల్లగా పెంచుకుంటూ రోజుకి అరగంట, వారానికి ఐదు రోజులు. వాచీలో అంకె చూసి నడవొద్దు. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ లాంటి మందు వాడేవాళ్లకు గుండె వేగం అసలు ఎక్కువ పెరగదు. మీరు పదిహేడో ఎక్కం అప్పజెప్పుకుంటూ నడవండి. మాట వస్తుంటే వేగం సరిపోయినట్టు. రెండు మాటలకోసారి ఊపిరికి ఆగాల్సొస్తే ఎక్కువైనట్టు. ఛాతీలో నొప్పి, కళ్లు బైర్లు కమ్మడం వస్తే అక్కడే కూర్చోవాలి.

కాలర్: అయితే నడవొచ్చంటారా?

డాక్టర్: ఇందాకట్నుంచి అదే కదండీ చెప్తున్నా! మాత్ర మాత్రం వేళకి వేసుకోండి. వేసుకుంటున్నారు కదా?

కాలర్: వేసుకుంటున్నానండి, రోజూ...

(వెనక నుంచి ఆడ గొంతు: ఎక్కడ వేసుకుంటున్నారు!)

డాక్టర్: ఎవరండీ అది?

కాలర్ భార్య: నేనేనండీ, మాస్టారి ఇంటావిణ్ణి. రెండు పూటలా వేసుకోమన్నారండి. ఈయన పొద్దున ఒకటే వేసుకుంటారు. చాల్లే, ఖరీదైన మాత్రలు, నెల మాత్రలు రెండు నెలలొస్తాయి అంటారు.

డాక్టర్: పేరేముంది స్ట్రిప్ మీద?

కాలర్ భార్య: సగం చిరిగిందండీ... అపి... అపిక్సాబాన్.

డాక్టర్: మాస్టారూ, వింటున్నారా? ఇదేం లెక్కండీ! ఆ మాత్ర 12 గంటల లెక్కన పనిచేస్తుంది. రాత్రిది మానేస్తే తెల్లవారేదాకా కాపలా లేనట్టే. ఖరీదు కష్టమైతే మీ డాక్టర్‌కి చెప్పండి, చవకగా దొరికే కంపెనీవి ఉన్నాయి. సగం మానడం పొదుపు కాదు. మర్చిపోయారని రెండూ కలిపి ఒకేసారి కూడా వేసుకోవద్దు. పూటలవారీ గళ్లుండే మాత్రల డబ్బా ఒకటి కొనండి. అమ్మా, మీరు కూడా ఆయనతో నడకకు వెళ్లండి.

కాలర్ భార్య: నాకు మోకాళ్ల నొప్పులండీ. మరి మొన్న ఈయన నడుం నొప్పికి నా డైక్లో మాత్ర...

డాక్టర్: వద్దమ్మా! రక్తం పలచబడే మాత్ర మీద ఆ నొప్పి మాత్ర వేస్తే కడుపులో రక్తం కారొచ్చు. ఇంకెప్పుడూ ఇవ్వకండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. తర్వాతి కాలర్ కరీంనగర్ నుంచి.

కాలర్ (కరీంనగర్): నమస్తే సార్. మా అమ్మకు 48 ఏండ్లు. చిన్నప్పుడు కీళ్ల జ్వరమొచ్చి వాల్వు ఖరాబైంది. ఏఎఫ్ ఉంది. రక్తం పలచబడనీకి అసిట్రోమ్ వాడుతుంది. ఇప్పుడు చెప్పిన మాత్రకు మారొచ్చా? నడవొచ్చా?

డాక్టర్: మీ అంతట మీరు మార్చొద్దు. ఎడమ పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వు దారి బాగా ఇరుకైనవాళ్లకు అసిట్రోమ్ లాంటి పాత మందే మేలు. కొత్త రకం మందుని దాంతో పోల్చి చూసిన పెద్ద పరిశోధన 2022లో వచ్చింది, అందులో పాతదే గెలిచింది. రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలిచే ఐఎన్ఆర్ పరీక్షలో అంకె 2కీ 3కీ మధ్య ఉండాలి. ఆకుకూరలు మానక్కర్లేదు. వారమంతా తినకుండా ఒక్కరోజు గంపెడు తినొద్దు, అంతే. నడక సంగతి ఎకో, అంటే గుండె స్కాన్, చూసి మీ డాక్టర్ చెప్పాలి. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?

కాలర్: వస్తుంది సార్.

డాక్టర్: అయితే ముందు ఎకో.

యాంకర్: కూకట్‌పల్లి నుంచి, చెప్పండి.

కాలర్ (కూకట్‌పల్లి): డాక్టర్, నాకు 38. సాఫ్ట్‌వేర్. మారథాన్‌కి ప్రాక్టీస్ చేస్తున్నా. స్మార్ట్‌వాచ్ రెండుసార్లు ఏఎఫ్ అని చూపించింది. ఫుల్ టెన్షన్‌గా ఉంది.

డాక్టర్: వాచీ చెప్పిందని జబ్బు ఖాయం కాదు, కొట్టిపారేయనూ కూడదు. ఈసీజీ తీయించండి. అదెప్పుడు చూపించింది?

కాలర్: ఆదివారం పొద్దున రెండుసార్లూ.

డాక్టర్: శనివారం రాత్రి పార్టీయా?

కాలర్: ...ఆ, కొంచెం.

డాక్టర్: ఆ కొంచెం ఆపండి. మద్యానికీ దీనికీ నేరుగా సంబంధముంది. స్వీడన్‌లో మంచు మీద 90 కిలోమీటర్ల స్కీయింగ్ పందేల్లో ఎక్కువసార్లు పాల్గొన్నవాళ్లకు లయ తప్పడం ఎక్కువని తేలింది. ఓ మోస్తరు వ్యాయామం మేలు చేస్తుంది, ఏళ్ల తరబడి ఒళ్లు హూనం చేసుకుంటే ఎదురుతిరుగుతుంది. పరీక్షలయ్యేదాకా లాంగ్ రన్ వద్దు.

యాంకర్: రాజమండ్రి నుంచి.

కాలర్ (రాజమండ్రి): నడక బదులు యోగా చేస్తే చాలాండీ? శీర్షాసనం కూడా వేస్తానండి.

డాక్టర్: అమెరికాలో డాక్టర్ ధనుంజయ లక్కిరెడ్డి బృందం 2013లో యోగా మీద పరిశోధన చేసింది. వచ్చిపోయే ఏఎఫ్ ఉన్న 49 మంది వారానికి రెండుసార్లు, మూడు నెలలు చేస్తే దడ వచ్చే సార్లు తగ్గాయి, ఆందోళన కూడా. చిన్న పరిశోధన. చేయండి, నడకతో పాటు. శీర్షాసనం మాత్రం వద్దు. రక్తం పలచబడే మాత్ర వేసుకుని తల మీద పడితే లోపల రక్తం కారుతుంది. మాత్ర వేసుకుంటున్నారా?

కాలర్: ఆస్పిరిన్ వేసుకుంటున్నానండి.

డాక్టర్: అయ్యో, అది దీనికి బదులు కాదండీ. రేపే వెళ్లి మీ డాక్టర్‌ని అడగండి. ఈలోగా మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే టైం.

యాంకర్: ఆఖరి కాలర్ అనంతపురం నుంచి. క్లుప్తంగా.

కాలర్ (అనంతపురం): సార్, మా నాయనకు పేస్‌మేకర్ పెట్టి పది దినాలైంది. నడిపిస్తే వైర్లు...

డాక్టర్: నడిపించండి, ఏం కాదు. పెట్టిన పక్క చెయ్యి మాత్రం భుజం పైకి ఎత్తనీయొద్దు, కొన్ని వారాలు. బిందెలు మోయనీయొద్దు. కుట్ల దగ్గర ఎరుపు...

కాలర్: సార్? హలో?

యాంకర్: లైన్ కట్టయినట్టుంది. డాక్టర్ గారూ, ధన్యవాదాలు. విరామం తర్వాత వార్తలు.