సంస్థ బోర్డు మీద రాసింది ఎవరైనా చదువుతారా?

శ్రోతలందరికీ నమస్కారం.

మన దగ్గర ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టడం పెద్ద కష్టమేమీ కాదు. ఏడుగురు కలిసి పేరు, చిరునామా, ఆశయాలు, నియమావళి రాసుకుని రిజిస్ట్రారు ఆఫీసులో ఇస్తే సరిపోతుంది, 1860 నాటి సొసైటీల చట్టం నుంచీ దాదాపు ఇదే పద్ధతి. ఆ కాగితాలన్నిట్లో ఎవరూ బుర్ర పెట్టనిది ఆశయాల పేజీ. రిజిస్ట్రేషన్ పనులు చేసిపెట్టే ఆయన దగ్గర ఒక నమూనా ఉంటుంది, దాన్నే దించేస్తారు. అందుకే ఏ ఊళ్ళో ఏ సంస్థ బోర్డు చూసినా పేదల అభ్యున్నతి, మహిళా సాధికారత, విద్య, వైద్యం, పర్యావరణం అన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి, పెళ్ళి శుభలేఖల్లోలాగా పేర్లు మారతాయి తప్ప మేటరు మారదు.

తప్పేముంది అంటారా? తప్పేం లేదు. కాకపోతే "పేదల అభ్యున్నతికి పాటుపడతాం" అని రాసుకున్న సంస్థ పదేళ్ళ తర్వాత పాసయిందో ఫెయిలయిందో ఎవరు తేలుస్తారు? ఒక దుప్పటి పంచినా పాటుపడినట్టే, ఒక మీటింగ్ పెట్టి టీ బిస్కెట్లు ఇచ్చినా పాటుపడినట్టే. సమానత్వం, అవకాశాలు అనే పెద్ద మాటలు చెప్పే సంస్థని అసలు ఎలా చూడాలి అన్నదే ఇవాళ్టి మన మాట. నా మటుకు నేను చూసేది ఒకటే. ఆ ఆశయాన్ని ఊళ్ళో ఏ మామూలు మనిషైనా సరిచూడగలడా, అది ఆ సంస్థ చేతులు కూడా కట్టేస్తుందా? ఈ రెండూ కుదిరిన సంస్థ ఒకటి మన రంగారెడ్డి జిల్లాలోనే పెరిగింది, ఎక్కువసేపు దాని గురించే చెప్తాను.

దాని పేరు మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్, అందరూ ఎం.వి.ఫౌండేషన్ అంటారు. రాజనీతి శాస్త్రం, చరిత్ర చెప్పిన పెద్దాయన పేరు మీద 1981లో పెట్టారు. ఆయన మనవరాలు శాంతా సిన్హా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్తూ, శ్రామిక విద్యాపీఠం పని మీద వెట్టి కూలీల మధ్య తిరిగేవారు. 1976లోనే వెట్టిచాకిరీని రద్దు చేస్తూ చట్టం వచ్చింది, అయినా పల్లెల్లో జీతాలకి కుదిరినవాళ్ళు కుదిరినట్టే ఉన్నారు. వాళ్ళలో చాలామంది పిల్లలు. తండ్రి తెచ్చిన అప్పుకి కొడుకు పశువులు కాస్తూ ఉంటాడు, అప్పు మాత్రం తీరదు.

1991 ప్రాంతంలో ఈ సంస్థ పిల్లల మీద పని మొదలుపెట్టేనాటికి సర్కారు దగ్గరా, చాలా సంస్థల దగ్గరా ఉన్న మందు ఏమిటంటే రాత్రి బడి. అనియత విద్యా కేంద్రం అనేవాళ్ళు. పగలు పని చెడదు, రాత్రికి నాలుగు అక్షరాలొస్తాయి, అందరికీ సంతోషం. పొద్దుట్నుంచీ గొడ్ల వెంట తిరిగొచ్చిన ఎనిమిదేళ్ళ పిల్లాడు లాంతరు ముందు కూర్చుంటే కునికిపాట్లు పడక ఏం చేస్తాడు? చట్టం సంగతి కూడా అలాగే ఉండేది. 1986 బాలకార్మిక చట్టం కొన్ని ప్రమాదకరమైన పనుల జాబితా రాసి వాటిలో మాత్రమే పిల్లల్ని పెట్టకూడదంది, పొలం పనుల్ని చాలావరకు వదిలేసింది. మన పిల్లల్లో ఎక్కువమంది ఉన్నదేమో పొలాల్లోనే.

అక్కడ ఈ సంస్థ ఒక మాట పట్టుకుంది: బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికులే. దానికి తోడు మరికొన్ని. పిల్లలందరూ మామూలు పగటి బడికే, పూర్తికాలం వెళ్ళాలి. పిల్లల చేత చేయించే పనుల్లో ప్రమాదం ఉన్నవీ లేనివీ అనే తేడా లేదు, ఏ పనైనా పిల్లల ఎదుగుదలకి చేటే. పేదరికం పేరు చెప్పి గానీ ఇంకే పేరు చెప్పి గానీ దీన్ని సమర్థిస్తే ఒప్పుకునేది లేదు. ఇవి బేరాల్లేని షరతులన్నమాట. ఈ షరతులు పెట్టుకున్నాక ఆ సంస్థ రాత్రి బడి నడపడానికి లేదు, తానే ఒక ప్రైవేటు బడి కట్టుకుని అందులో వందమంది పిల్లల్ని చక్కగా చదివించి ఫొటోలు వేయించుకోవడానికీ లేదు. ఎవరైనా డబ్బిస్తామని వచ్చినా లేదు.

ఆ మొదటి మాటలో ఇంకో గమ్మత్తుంది. అమ్మానాన్నా కూలికి పోతే చంకలో తమ్ముడితో, నెత్తిన బిందెతో, పొయ్యి మీద అన్నంతో ఇంట్లో ఉండిపోయే తొమ్మిదేళ్ళ ఆడపిల్ల ఉంటుంది చూశారూ, ఆ పిల్ల అప్పట్లో ఏ లెక్కలోనూ లేదు. కూలి తీసుకోదు కాబట్టి కార్మికురాలు కాదు, బడికి వెళ్ళదు కాబట్టి విద్యార్థిని కాదు. ఈ ఒక్క మాటతో ఆ పిల్ల లెక్కలోకొచ్చింది. పైగా సరిచూడటం ఎంత తేలికో చూడండి. ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి పిల్లల పేర్లు రాసుకోవాలి, ఆ కాగితాన్ని బడి హాజరు పట్టీ పక్కన పెట్టాలి, ఎవరు మిగిలారో వాళ్ళ ఇంటికెళ్ళాలి. దీనికి పెద్ద సర్వే ఏజెన్సీ అక్కర్లేదు, పదో తరగతి చదివిన ఊరి కుర్రాళ్ళు చాలు.

ఇక పేదరికం సంగతి. "బీదోళ్ళండీ, పిల్లాడి కూలి లేకపోతే ఇల్లెలా గడుస్తుంది" అనే మాట మీరూ నేనూ అందరం అన్నదే. వాళ్ళు ఊళ్ళల్లో గమనించింది ఏమిటంటే ఒకే వాడలో, ఒకే కూలి మీద బతికే రెండిళ్ళలో ఒకరు పిల్లల్ని బడికి పంపుతారు, ఇంకొకరు పంపరు. మరి పేదరికమే మొత్తం కారణమైతే మొదటి ఇల్లు ఎలా పంపుతోంది? చాలాచోట్ల అసలు అడ్డం బడి దగ్గరే ఉంది. పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఏది? టీసీ ఏది? జూన్ దాటిపోయింది, వచ్చే ఏడాది రండి. చదువురాని తల్లి ఒకసారి ఈ మాట విన్నాక మళ్ళీ ఆ గడప తొక్కుతుందా? ఇంకో సంగతి కూడా ఉంది, పిల్లలు సగం కూలికి దొరుకుతున్నంతకాలం ఆ వాడలో పెద్దల కూలి మాత్రం ఎందుకు పెరుగుతుంది?

పిల్లల్ని పనిలో పెట్టుకున్న రైతుల మీద కేసులు పెట్టడం కన్నా వాళ్ళని ఒప్పించడం మీదే ఈ సంస్థ ఎక్కువ నమ్మకం పెట్టుకుంది. వదిలిపెట్టిన రైతుకి ఊరి సభలో సన్మానం చేయడం కూడా వాళ్ళ పద్ధతుల్లో ఒకటి. వెట్టి చేయించుకున్నవాడికి మళ్ళీ సన్మానమేమిటని ఒళ్ళు మండొచ్చు, నాకూ కొంచెం మండుతుంది. కానీ నలుగురిలో మాట ఇచ్చిన రైతు మర్నాడు పక్క చేను రైతుని నిలదీస్తాడు కదా అన్నది వాళ్ళ లెక్క. సర్కారు టీచర్లు కూడా బాలకార్మిక విమోచన వేదిక అని పెట్టుకుని ఈ పనిలోకి దిగారు, బడిని తిట్టి బాగు చేయలేం అనే తెలివి ఇందులో ఉంది.

పన్నెండేళ్ళ పిల్లని తీసుకెళ్ళి ఒకటో తరగతిలో ఐదేళ్ళవాళ్ళ పక్కన కూర్చోబెడితే సిగ్గుతో చచ్చిపోతుంది, మర్నాడు రాదు. అందుకని బ్రిడ్జి కోర్సు శిబిరాలు పెట్టారు. అక్కడే తిండీ, పడకా. కొన్ని నెలలపాటు, కొందరికి ఏడాది పైన, వయసుకి తగ్గ తరగతి అందుకునేదాకా చదివించి, ఆ తర్వాత సర్కారు బడిలో, హాస్టల్లో చేర్చేవారు. 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ చదివితే అందులో ఉన్నది ఇదే పద్ధతి: బడి మానేసిన బిడ్డని వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, మిగతా పిల్లల్ని అందుకునేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. మధ్యలో శాంతా సిన్హాకి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్ పెట్టినప్పుడు మొదటి చైర్‌పర్సన్ ఆవిడే.

అంతా సుఖాంతం అనుకోకండి. కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు విత్తనాల కోసం పెంచే సీడ్ పత్తి చేలల్లో పని ఎలా ఉంటుందో వినండి. సాయంత్రం పూట, రేపు విచ్చుకోబోయే ఆడ మొక్క మొగ్గల్ని ఏరి పట్టుకుని, గోటితో పై రేకులూ లోపలి పుప్పొడీ గిల్లెయ్యాలి, మధ్యలో ఉన్న సన్నటి కాడకి మాత్రం దెబ్బ తగలకూడదు. పొద్దున్నే మగ మొక్కల పూలు కోసుకొచ్చి ఆ కాడలకి ఒక్కొక్కదానికీ రుద్దాలి. క్రాసింగ్ అంటారు దీన్ని. మందు కొట్టిన చేలో, సీజనంతా, రోజూ ఇదే. ఆడపిల్లల వేళ్ళు సన్నగా ఉంటాయి, మొక్క ఎత్తుకి సరిపోతారు, అందుకని వాళ్ళే కావాలంటారు. అసలు సంగతి వేళ్ళ దగ్గర లేదు, విత్తనాల కంపెనీ రైతుకిచ్చే రేటు దగ్గరుంది. పెద్దవాళ్ళ కూలి కడితే ఆ రేటులో రైతుకి మిగిలేది తక్కువ. సీజను ముందే తల్లిదండ్రుల చేతిలో అడ్వాన్సు పడుతుంది, ఇంక ఆ పిల్ల బడి సంగతి అంతే. ఎం.వి.ఫౌండేషన్ ఈ చేల మీద కూడా గట్టిగానే పోరాడింది. 2016లో చట్టం మార్చి పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు, కానీ బడి అయ్యాక సొంత కుటుంబం పనిలో సాయం చేయొచ్చని ఒక తలుపు తెరిచిపెట్టారు. చేను సొంతమో కౌలో, పిల్ల కూతురో కూలీయో గట్టు మీద నిలబడి తేల్చేదెవరు?

ఇలాంటి సూటి ఆశయమే ఇంకొకటి సఫాయి కర్మచారీ ఆందోళన్ ది. కోలారు బంగారు గనుల ఊళ్ళో, మలం ఎత్తే పని చేసే కుటుంబంలోనే పుట్టిన బెజవాడ విల్సన్, మన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్ వంటివాళ్ళు కలిసి నిలబెట్టిన ఉద్యమం. మనిషి మలాన్ని మనిషి ఎత్తే పని దేశంలో ఉండకూడదు, అంతే. ఆ పని చేసేవాళ్ళకి చేతి తొడుగులు, మంచి బకెట్లు ఇప్పిస్తామని వాళ్ళు అనలేదు. 1993లోనే దీన్ని నిషేధించారు, ఆ తర్వాత కూడా మా రాష్ట్రంలో అలాంటివి లేవని ప్రభుత్వాలు చెప్తుంటే వీళ్ళు ఫొటోలు, వివరాలు పట్టుకుని 2003లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2014 మార్చిలో తీర్పు వచ్చింది, 1993 నుంచి మురుగు గుంతల్లో, మ్యాన్‌హోళ్ళలో చనిపోయినవాళ్ళ కుటుంబాలకి తలా పది లక్షలు ఇవ్వమన్నారు. 2023లో ఇంకో కేసులో దాన్ని ముప్ఫై లక్షలు చేశారు. చావులు ఆగలేదని పేపరు చదివే అందరికీ తెలుసు. ఇక్కడ కూడా చూడండి, ఆశయం నెరవేరలేదని మనం ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాం అంటేనే అది సరిగ్గా రాసుకున్న ఆశయమని.

రేడియోలో మాట్లాడుతూ జహీరాబాద్ దగ్గరి సంఘం రేడియో పేరు ఎత్తకపోతే బాగుండదు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత మహిళలు, జొన్నలూ సజ్జలూ పండించుకునేవాళ్ళు, మా గొంతు మాకుండాలని కోరుకున్నారు. గాలి తరంగాలు జనం సొత్తని సుప్రీంకోర్టు 1995లోనే అంది, అయినా స్వచ్ఛంద సంస్థలు స్టేషన్ పెట్టుకోవచ్చనే విధానం 2006లో గానీ రాలేదు. మాచ్నూరులో 2008 అక్టోబరు 15న ప్రసారం మొదలైంది. మైకు ముందు కూర్చున్నదీ వాళ్ళే, రికార్డు చేసిందీ వాళ్ళే.

మరి మంచి ఆశయంతో మొదలైనవి కూడా ఎందుకు మెత్తబడతాయి? డబ్బు వల్ల. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలి. మంచిదే. కాకపోతే కంపెనీకి మార్చి 31లోపు లెక్క చూపించాలి, కాబట్టి బెంచీలు, బ్యాగులు, వాటర్ ప్లాంటు అయితే సులువు, కూలి రేట్ల మీదో కులం మీదో గొడవపడే సంస్థ అంటే టెన్షన్. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో మార్చాక, అలా వచ్చిన డబ్బుని ఒక సంస్థ ఇంకో సంస్థకి ఇవ్వడానికి లేదు, ఆఫీసు ఖర్చుల పరిమితి యాభై శాతం నుంచి ఇరవైకి దిగింది. ఊళ్ళు తిరిగి నచ్చజెప్పే సంస్థకి పెట్టుబడంతా మనుషుల జీతాలే, బస్సు ఛార్జీలే. వాటిలో కొన్నిటిని ఆఫీసు ఖర్చు కింద రాస్తే ఇంక పని ఎలా సాగుతుంది? అందుకని ఎవరైనా మీ దగ్గరికి చందా కోసం వస్తే ఎంతమందికి పంచారని అడక్కండి, మీరు ఏ పని చెయ్యమని డబ్బిచ్చినా చెయ్యరో చెప్పమనండి. నిజంగా పనిచేసేవాళ్ళయితే తడుముకోకుండా చెప్తారు.

పోయేముందు ఒక పనికొచ్చే సంగతి. మీ వీధిలో, టీ కొట్టు దగ్గరో, ఇటుక బట్టీ దగ్గరో ఆరు నుంచి పద్నాలుగేళ్ళ మధ్య పిల్లలు బడి వేళలో కనిపిస్తే, ఇది నవంబరు కదా, ఫిబ్రవరి కదా అని వదిలెయ్యకండి. విద్యాహక్కు చట్టం 15వ సెక్షన్ ప్రకారం గడువు దాటిపోయినా చేర్చుకోవాల్సిందే. వయసు ధ్రువపత్రం లేదని కాదనడానికి 14వ సెక్షన్ ఒప్పుకోదు, టీసీ ఆలస్యమైందని ఆపడానికి ఐదో సెక్షన్ ఒప్పుకోదు. హెడ్మాస్టరు కుదరదంటే ఆ మాటే కాగితం మీద రాసిమ్మని అడిగి, దాన్ని మండల విద్యాధికారి దగ్గరికి తీసుకెళ్ళండి. పిల్లల్ని ఎవరైనా బలవంతంగా పనిలో పెట్టుకున్నారనిపిస్తే 1098కి ఫోన్ చెయ్యండి, కాల్‌కి డబ్బులేం పడవు, అర్ధరాత్రయినా పలుకుతారు.

సెలవు, నమస్కారం.