62 వేల మెషిన్ అటకెక్కడానికి కారణం ఆ ‘ఫ్రీ మాస్క్’!

ఫ్రీగా వచ్చిన మాస్క్ కన్నా ఖరీదైన వస్తువు ఇంకోటి లేదండీ. 62 వేలు పోసి నేర్చుకున్నాను ఈ ముక్క.

ఇదిగో, ఈ నల్ల బ్యాగు చూడండి. జిప్పు మీద దుమ్ము ఇంకా పోలేదు. మా ఇంట్లో అటక మీద, బొమ్మల కొలువు పెట్టె పక్కన ఏడు నెలలు పడుంది. లోపల సీప్యాప్ మెషిన్, నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్క్ గుండా గాలి ఊదేది. మెషిన్‌కి ఏ రోగమూ లేదు, స్విచ్ వేస్తే ఇప్పటికీ చక్కగా తిరుగుతుంది. రోగం ఉన్నది నాకు, స్లీప్ అప్నియా అంటారు. దాన్ని కొలిచే లెక్క ఏహెచ్ఐ, నాది 38. అంటే నిద్రలో గంటకి 38 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోంది. 5 దాటితే తేడా ఉన్నట్టు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం అంటారు. నేను తీవ్రం బ్యాచ్. అయినా సరే, మెషిన్ అటక మీద, నేను మంచం మీద!

కిందటి వీడియో కింద కామెంట్లన్నీ ఒకటే గోల. అన్నా ఏ బ్రాండ్, ఏ మోడల్, ఆటోనా మామూలుదా, చైనాది కొనొచ్చా. 400 కామెంట్లు చదివాను. మాస్క్ గురించి అడిగిన వాళ్లు ఎంతమందో తెలుసా? ముగ్గురు! అందులో ఒకాయన అడిగింది కరోనా మాస్క్ గురించి.

నా వాదన ఒక్కటే. మీరు కొనేది మెషిన్ కాదు, మాస్క్. మెషిన్ దానికి తోక. తిట్టుకోండి, పర్లేదు, కానీ పూర్తిగా విని తిట్టండి.

ఆ మెషిన్ చేసే పనేంటి? గాలి ఊదుతుంది. అంతే. నిద్రలో గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోతుంది. ఆ దారి మూసుకోకుండా ఈ గాలి లోపలి నుంచి ఆనించి పట్టుకుంటుంది. చిన్న ఫ్యాను, ఒక సెన్సారు, కాస్త సాఫ్ట్‌వేర్. పేరున్న కంపెనీలన్నీ ఈ పని బాగానే చేస్తున్నాయి. కానీ ఆ గాలి మీ గొంతు దాకా చేరాలా వద్దా? ముక్కు దగ్గరే బుస్సుమని పక్కకి పోతుంటే, లక్ష రూపాయల మెషిన్ అయినా టేబుల్ ఫ్యానుతో సమానం.

ఇది నా సొంత పైత్యం అనుకోకండి, దీని పుట్టుకే అలా ఉంది. ఆస్ట్రేలియాలో సిడ్నీ డాక్టర్ కాలిన్ సల్లివాన్ 1980లో దీన్ని మొదలుపెట్టాడు. 1981లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఐదుగురు పేషెంట్ల మీద చేసిన పని అచ్చయింది. మరి ఆయన మాస్కులు ఎలా చేసేవాడో తెలుసా? పేషెంటు ముక్కుకి ప్లాస్టర్‌తో అచ్చు తీసి, ఆ ముక్కుకి సరిపోయే మాస్క్ విడిగా తయారుచేసేవాడు. రోజూ రాత్రి దాన్ని సిలికాన్ జిగురుతో అతికించేవారు. అంతకుముందు కుక్కల నిద్ర మీద పరిశోధన చేస్తూ వాటి మూతులకీ మాస్కులు కట్టిన మనిషి ఆయన. అంటే 1980కి ముందే కుక్క మూతికి కూడా కొలత తీసుకున్నారండీ! ఇప్పుడు నాకు మాత్రం షాపువాడు మొహం వంక కూడా సరిగ్గా చూడకుండా, "మీడియం సార్, అందరికీ సరిపోతుంది" అన్నాడు.

చెప్పులు కొనడానికి వెళ్తే కూడా కాలు దూర్చి, నాలుగడుగులు నడిచి, అద్దంలో చూసుకుని, "ఇంకో నంబర్ తియ్యి బాబూ" అంటాం. రోజూ ఎనిమిది గంటలు మొహానికి కట్టుకునే దానికి మాత్రం మీడియం అట!

నా కథ చెప్తాను. పేరు చెప్పను, హైదరాబాద్‌లో ఒక డీలర్. స్లీప్ స్టడీ, అదే నిద్రలో చేసే పరీక్ష, చేసినచోటే కార్డిచ్చారు, ఆ సాయంత్రానికే ఇంటికి మనిషొచ్చాడు. 62 వేలు, మాస్క్ ఫ్రీ. నేను పొంగిపోయాను. మా ఆవిడ ముందు బేరం గెలిచినట్టు ఓ చూపు కూడా చూశాను. వచ్చినది ముక్కు, నోరు రెండూ కప్పే పెద్ద మాస్క్, ఫుల్ ఫేస్ అంటారు. నేను సోఫాలో కూర్చుని ఉండగా తగిలించి, నాలుగు పట్టీలు లాగి, "పర్ఫెక్ట్ సార్" అని ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. పది నిమిషాల పని.

రాత్రి పడుకున్నాక తెలిసింది అసలు సంగతి. కూర్చున్నప్పటి మొహం వేరు, పడుకున్నప్పటి మొహం వేరు. వెల్లకిలా పడుకుంటే బుగ్గలు జారతాయి. పక్కకి తిరిగితే దిండు మాస్కుని నెడుతుంది. ముక్కు దూలం దగ్గర సందు ఏర్పడి గాలి నేరుగా కంట్లోకి కొట్టింది. పట్టీ బిగించాను. ఇంకా లీకైంది. మళ్లీ బిగించాను. తెల్లారేసరికి ముక్కు మీద ఎర్రగా గాటు. ఆఫీసులో మా మేనేజర్ "ఇంట్లో అంతా బాగానే ఉందా?" అని మెల్లగా అడిగాడు!

బిగించడమే తప్పని తర్వాత తెలిసింది. మాస్క్ చుట్టూ ఉండే మెత్తటి సిలికాన్ పొర గాలికి ఉబ్బి చర్మానికి అతుక్కోవాలి. బిగిస్తే అది నలిగిపోయి, మడతల్లోంచి గాలి పోతుంది. పెట్టే విధానం ఏంటంటే, పడుకుని, మెషిన్ ఆన్ చేసి, గాలి వస్తుండగా మాస్కుని ఒకసారి కాస్త ముందుకి లాగి వదలాలి, ఆ తర్వాత పట్టీలు సర్దాలి. చాలా మెషిన్లలో మాస్క్ ఫిట్ అని ఒక ఆప్షన్ కూడా ఉంది, సీల్ బాగుందో లేదో అదే చెప్తుంది. పది నిమిషాల్లో వెళ్లిపోయిన పెద్దమనిషి అది నాకు చూపించలేదు.

గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అన్నట్టు, షాపులో కదలని సైజుని నాకు ఫ్రీ అని అంటగట్టాడు. ఇది నా అనుమానం, నిజం కాకపోవచ్చు. కానీ లెక్క చూడండి. వాడికి లాభం మెషిన్ మీద. మాస్కులు నాలుగు రకాలు తెచ్చి, గంట కూర్చుని పెట్టి చూపిస్తే వాడికేం మిగులుతుంది? కాబట్టి నోరు తెరిచి పడుకున్నా, మూసి పడుకున్నా అందరికీ పనికొస్తుందని పెద్దది తగిలించి పోతాడు. ఆ పెద్ద మాస్కే చాలామందికి ఇబ్బంది. నోటిని కూడా కప్పే మాస్క్ దవడని వెనక్కి నెట్టొచ్చు, అందుకే సాధారణంగా ముక్కు మాస్క్ కంటే ఎక్కువ ప్రెషర్ కావాల్సి వస్తుంది. ప్రెషర్ పెరిగితే లీకు పెరుగుతుంది. లీకు పెరిగితే నిద్ర చెడుతుంది. ఆ తర్వాత అటక. ముక్కు నిజంగా మూసుకుపోయే వాళ్లకి, నోరు తెరిచి తప్ప పడుకోలేని వాళ్లకి అది అవసరమే, కాదనను. నాకు మాత్రం అక్కర్లేదని ఏడు నెలల తర్వాత డాక్టర్ చెప్పారు. చెప్పడానికి ఆయనకి రెండు నిమిషాలు పట్టింది.

ఇక మీసం సంగతి. దీని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకో నాకు అర్థం కాదు! తెల్లోళ్ల బొమ్మల మీద డిజైన్ చేసినట్టుంటాయి ఈ మాస్కులన్నీ. మా గుంటూరు బాబాయికి కొనలు తిరిగిన మీసం. ఆయన ఫుల్ ఫేస్ పెడితే మీసం కొనలు సిలికాన్ కిందకి దూరి, రెండు పక్కలా ఈల వేసేది. టెక్నీషియన్ ఏమన్నాడంటే, "మీసం తీసేయండి అంకుల్". మా బాబాయి మెషిన్ వెనక్కి పంపిస్తానన్నాడు గానీ మీసం జోలికి రానివ్వలేదు. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న మాస్కులు ఉన్నాయి, నేజల్ పిల్లోస్ అంటారు. ఇదిగో ఇదే, అరచేతిలో పట్టేస్తుంది. దీనికి మీసంతో గొడవ చాలా తక్కువ. ఆ మాట ఆ టెక్నీషియన్‌కి తెలీదా? లేక అతని సంచిలో ఆ రోజు లేదా?

ఇంకోటి, కొబ్బరినూనె. రాత్రి తలకి నూనె, మొహానికి క్రీము రాసుకుని మాస్క్ పెట్టారంటే జారుతుంది, సిలికాన్ కూడా తొందరగా పాడవుతుంది. మొహం కడుక్కుని పెట్టుకోండి, పొద్దున్నే ఆ మెత్తటి భాగాన్ని తేలికపాటి సబ్బునీళ్లతో కడగండి. నేను తిరుపతిలో గుండు చేయించుకుని వచ్చిన వారం పట్టీలు వెనక్కి జారిపోయి నానా తిప్పలు పడ్డాను. స్వామి దయ, జుట్టు మొలిచింది, పట్టీ నిలబడింది.

సరే, రీకాల్ గురించి మాట్లాడట్లేదేంటని అడుగుతారు. మీకు తెలిసిందే, 2021 జూన్‌లో ఫిలిప్స్ తన మెషిన్లని లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచింది. చప్పుడు తగ్గడానికి లోపల పెట్టిన ఫోమ్ పొడిపొడిగా రాలి గాలిలో కలిసే ప్రమాదం ఉందని. వాళ్ల డ్రీమ్‌స్టేషన్ మోడల్ మొదటి తరంది అందులో ఉంది. 2024 వచ్చేసరికి అమెరికాలో కొత్త మెషిన్ల అమ్మకం ఆపేసే దాకా వెళ్లింది వ్యవహారం. పెద్ద విషయమే. అందుకే చెప్తున్నా, అమెరికా నుంచి బావమరిది తెచ్చిన పాతది, ఆన్‌లైన్‌లో ఎవరో అమ్మే సెకండ్ హ్యాండ్‌ది కొనేముందు మోడల్, సీరియల్ నంబర్ చూసుకోండి. అక్కడి అడాప్టర్ ఇక్కడి కరెంటుకి చాలావరకు పనిచేస్తుంది, వారంటీ మాత్రం ఇక్కడ పనిచేయకపోవచ్చు. కానీ ఆ గొడవ వల్ల జరిగిందేంటి? అందరి కళ్లూ మెషిన్ మీదే పడ్డాయి. అదే కంపెనీ 2022లో మాస్కుల మీద కూడా హెచ్చరిక ఇచ్చింది, క్లిప్పుల్లో అయస్కాంతాలు ఉన్నాయని. 2023 చివర్లో రెస్‌మెడ్ అనే ఇంకో కంపెనీ కూడా ఇచ్చింది. పేస్‌మేకర్ లాంటివి ఒంట్లో ఉన్నవాళ్లు, వాళ్ల పక్కన పడుకునే వాళ్లు అయస్కాంతాలున్న మాస్క్ వాడకూడదు. గుండె జబ్బు, స్లీప్ అప్నియా కలిసి ఉండే ఇళ్లు మనకి ఎన్ని లేవు! మీ డీలర్ "ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ ఉందా" అని అడిగాడా? నన్నైతే అడగలేదు. చూశారా, తిరిగి తిరిగి మళ్లీ మాస్క్ దగ్గరికే వచ్చాం.

మరి కొనడం ఎలా అంటారా? ముందు అద్దెకి తీసుకోండి. పెద్ద ఊళ్లలో చాలామంది డీలర్లు నెలకింతని అద్దెకిస్తారు. అద్దె నెలలో మెషిన్‌ని పరీక్షించకండి, మాస్కులని పరీక్షించండి. డీలర్‌ని ఒకటే అడగండి, "మాస్క్ నప్పకపోతే మార్చి ఇస్తావా? రాసివ్వు". రాసివ్వనన్నాడా, లేచి వచ్చేయండి. ఆ 62 వేల బిల్లులో మాస్కుని విడగొట్టి ధర వేయించండి. మంచి మాస్క్ విడిగా కొంటే వేలల్లోనే ఉంటుంది, నా దానికి 8 వేలు అయింది. చాలా ఇన్సూరెన్సులు ఇంట్లో వాడే మెషిన్‌కి డబ్బులివ్వవు, కాబట్టి పోయేది మన జేబే.

మెషిన్ గురించి అస్సలు చెప్పకపోతే మళ్లీ తిడతారు. ప్రెషర్ తనే సర్దుకునే ఆటో మెషిన్ చాలామందికి చాలు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ చెప్పకుండా దాని జోలికి వెళ్లొద్దు. రెండోది, ప్రెషర్ సెట్టింగ్ 4 నుంచి 20 అని బార్లా తెరిచి ఇచ్చారేమో చూడండి. 4 దగ్గర చాలామందికి గాలి చాలక ఊపిరాడనట్టు ఉంటుంది. మీ రిపోర్టు చూసి ఎంత పెట్టాలో డాక్టర్‌తో రాయించుకోండి. రాత్రి డేటా మీ చేతికి వచ్చేలా కార్డో యాపో ఉండాలి, ఎందుకంటే అందులో లీక్ గీత కనిపిస్తుంది. నేను కొన్నాక చూసిన మొదటి గీత అదే. పాత మాస్క్ రోజుల్లో గోల్కొండ కొండలా ఉంది. అన్నట్టు, మెషిన్‌లో గాలికి తేమ కలిపే తొట్టిలో ఇన్వర్టర్ కోసం తెచ్చిన బ్యాటరీ నీళ్లు పోసేవాళ్లు ఉన్నారట, మీకు దండం పెడతాను, ఆపండి. అవి బ్యాటరీకి చేసినవి, ముక్కుకి కాదు.

గురకే కదా అని నవ్వేవాళ్లకి ఒకటే. చిరంజీవి సినిమాలకి హోరెత్తే పాటలిచ్చిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో పోయినప్పుడు డాక్టర్లు చెప్పిన పేరు స్లీప్ అప్నియానే.

మా బాబాయి సంగతి మధ్యలో వదిలేశాను కదా. పోయిన నెల డాక్టర్‌ని అడిగి, ఈ చిన్న పిల్లోస్ మాస్క్ కొత్తది ఒకటి కొని గుంటూరు పట్టుకెళ్లాను. మూడు సైజులు పెట్టెలోనే ఉంటాయి. మంచం మీద పడుకోబెట్టి, గాలి ఆన్ చేసి, చిన్నది పెట్టి చూశాం. ఈల. మధ్యది పెట్టాం. ఈల లేదు. మీసం మీద చెయ్యి వేసి చూసుకుని, "ఉందిరా" అన్నాడు. పది నిమిషాల్లో నిద్ర.

పొద్దున్నే పిన్ని కాఫీ ఇస్తూ నా మీద విరుచుకుపడింది. "ఏం తగిలించావురా ఆయనకి? ముప్పై ఏళ్లుగా ఆ గురక వింటూ పడుకున్నదాన్ని. రాత్రి చప్పుడే లేదు. ఉన్నాడో లేడో అని మూడుసార్లు లేచి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాను!"

మీ అటక మీద ఏ మాస్క్ ఉందో కింద రాయండి. మీసం ఉంటే అది కూడా రాయండి.