మెర్ల్ హ్యాగర్డ్ 'డౌన్ ఎవ్రీ రోడ్' బాక్స్ సెట్ రివ్యూ: వంద పాటలు ఎలా వినాలి?

నమస్కారమండీ. ఈరోజు అమెరికా 'కంట్రీ' పాటల గాయకుడు మెర్ల్ హ్యాగర్డ్ బాక్స్ సెట్ (ఒకే పెట్టెలో వచ్చే సీడీల సంపుటి) 'డౌన్ ఎవ్రీ రోడ్'. 1996లో క్యాపిటల్ కంపెనీ తెచ్చింది. నాలుగు సీడీలు, వంద పాటలు, 1962 నుంచి 1994 దాకా.

ముందుగా ఒక్క మాట. దీన్ని షఫుల్‌లో వినకండి. పాటలు వచ్చిన వరుసలోనే పేర్చారు, సెట్ విలువంతా అందులోనే ఉంది. హ్యాగర్డ్ ట్యాలీ అనే చిన్న లేబుల్‌లో (రికార్డు కంపెనీలో) మొదలై క్యాపిటల్, ఎంసీఏ, ఎపిక్, కర్బ్ దాకా వెళ్లారు. మామూలు హిట్స్ సీడీల్లో చాలావాటికి ఒక్క కంపెనీ పాటలే దొరుకుతాయి. ఇక్కడ ఆ గొంతు మారుతూ రావడం వరుసగా వినిపిస్తుంది. తొలి పాటల్లో పాత కంట్రీ గాయకుడు లెఫ్టీ ఫ్రిజెల్ ప్రభావం బాగా ఉంటుంది, అక్షరాన్ని సాగదీసి వంచడం ఆయన దగ్గర పట్టిందే. 80ల్లో 'బిగ్ సిటీ'కి వచ్చేసరికి గొంతు కిందికి దిగి, మాట్లాడుతున్నట్టే పాడతారు.

60ల భాగం దగ్గర ఆగి వినండి. ఇది కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ బాణీ. కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో అప్పట్లో నడిచిన వయొలిన్ల దండు, కోరస్ హోరు ఇందులో తక్కువ. రాయ్ నికొల్స్ వాయించే టెలీకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్, పెడల్ స్టీల్ (పడుకోబెట్టి, పెడల్స్ తొక్కుతూ వాయించే గిటార్), వెనక గాయని బోనీ ఓవెన్స్ గొంతు. టెలీకాస్టర్‌లో బ్రిడ్జ్ (తీగలు ఆనే కింది భాగం) పక్కనుండే పికప్ (తీగల కదలికను పట్టే అయస్కాంత పరికరం) వల్ల ఆ పదునైన మోత వస్తుంది. బేస్ బూస్ట్ పెడితే అదే ముందు మసకబారుతుంది, ఈక్వలైజర్ తీసేయండి.

ఇక రాత. 'మామా ట్రైడ్' (1968) చూడండి, తల్లి ఎంత ప్రయత్నించినా దారితప్పి జైలుపాలైన కొడుకు పాట. శాన్ క్వెంటిన్ జైల్లో 21 ఏళ్లు నిండటం ఆయన సొంత అనుభవమే. పాటలోని యావజ్జీవ శిక్ష మాత్రం కల్పన, ఆయన 1960లోనే పెరోల్‌పై బయటికొచ్చారు. ఆ ఒక్క మార్పుతో తల్లి బాధ ఇక తీరనిదైపోయింది. నాకు అంతకంటే గొప్ప పాట 'ఇఫ్ వుయ్ మేక్ ఇట్ త్రూ డిసెంబర్' (1973). ఫ్యాక్టరీలో ఉద్యోగం పోయిన తండ్రి, పండక్కి కూతురికి ఏమీ కొనలేని పరిస్థితి. ఏడుపు లేదు, అరుపు లేదు.

లోటు కూడా ఉంది. 1970లో పాతతరం ఫిడేల్ కళాకారుడు బాబ్ విల్స్‌కి నివాళిగా, ఫిడేల్ నేర్చుకుని మరీ చేసిన ఆల్బమ్‌ని ఇలాంటి సెట్‌లో పూర్తిగా ఇమడ్చలేరు. అది విడిగా వినాల్సిందే.

కొనేముందు ఒక జాగ్రత్త. ఆయన హిట్ల పేరుతో తర్వాత మళ్లీ రికార్డు చేసిన పాటలు కూడా అమ్ముతారు. రికార్డింగ్ సంవత్సరం, లేబుల్ పేరు చూడండి. 'మామా ట్రైడ్' పక్కన క్యాపిటల్, 1968 లేకపోతే ఒకసారి ఆగి, పాట మొదలు విని, పాత రికార్డింగే అని తేలాకే డబ్బు కట్టండి.