పెడల్ షాఫ్ట్ మిగిలింది, కారు మిగిలిందా?

(బరంపురంలో ఒక స్థానిక తెలుగు ఛానల్ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: టాటా బెంజ్ చౌక్ దగ్గర చాలా ఏళ్లుగా గ్యారేజీ నడుపుతున్న మేస్త్రీ, ఒక సీనియర్ లాయరు, చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మేష్టారు.)

వ్యాఖ్యాత: నమస్కారం. మేస్త్రీ గారూ, మీతోనే మొదలుపెడతాను. ఒక బండి ఇంజన్ మారింది, బాడీ మారింది, ఛాసీ కూడా మారింది. ఇంకా అది అదే బండా?

మేస్త్రీ: ఇంజన్ మారితే పరవాలేదమ్మా, ఆర్‌సీ బుక్కులో రాయించుకుంటే సరిపోతుంది. బాడీ అంటారా, అది చొక్కా లాంటిది. ఛాసీ అంటే అన్నీ బిగించే అడుగు చట్రం. అది పోయిందంటే మాత్రం బండి పోయినట్టే.

లాయరు: అయితే మీరు లండన్ హైకోర్టు మీద అప్పీలుకు వెళ్లాలి.

వ్యాఖ్యాత: ఇవాళ్టి విషయం అదే. బెంట్లీ అనే ఇంగ్లండు కంపెనీ రేసు కారు, 'ఓల్డ్ నంబర్ వన్'. మేష్టారూ, దాని కథ కాస్త చెప్పండి.

మేష్టారు: బెంట్లీ స్పీడ్ సిక్స్. ఆరు సిలిండర్లు, ఆరున్నర లీటర్ల ఇంజన్. ఫ్రాన్సులో లే మాన్స్ అని 24 గంటల రేసు ఉంది. ఆ 24 గంటల్లో ఎవరు ఎక్కువ దూరం నడిపితే వాళ్లదే గెలుపు. 1929లో ఈ కారు మీద 1 అంకె వేసి దించారు. వూల్ఫ్ బార్నాటో, టిమ్ బర్కిన్ నడిపి గెలిచారు. ఆ ఏడు మొదటి నాలుగు స్థానాలూ బెంట్లీలవే. 1930లో మళ్లీ ఇదే కారు గెలిచింది. ఈసారి బార్నాటోకి తోడు గ్లెన్ కిడ్‌స్టన్.

వ్యాఖ్యాత: బార్నాటో అంటే డ్రైవరేనా?

మేష్టారు: బెంట్లీ కంపెనీ ఛైర్మనే ఆయన! తండ్రి దక్షిణాఫ్రికాలో కింబర్లీ వజ్రాల వ్యాపారంలో గడించాడు. ఆ డబ్బు కంపెనీలో పెట్టి, స్టీరింగూ తనే పట్టుకున్నాడు. లే మాన్స్‌కి మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ గెలిచాడు. ఓడిపోవడం ఎలా ఉంటుందో అక్కడ ఆయనకి తెలియనే తెలియదు.

మేస్త్రీ: ఓనరే డ్రైవరైతే బండికి మంచిదండీ. శబ్దం తేడా వస్తే వాడికే ముందు తెలుస్తుంది.

మేష్టారు: అయినా కంపెనీ నిలబడలేదు. 1931లో దివాలా తీసింది, రోల్స్ రాయిస్ కొనేసింది. ఆ ఏడే ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ 500 మైళ్ల రేసులో జాక్ డన్‌ఫీ, సిరిల్ పాల్ ఇదే కారుతో గెలిచారు. మరుసటి ఏడు అదే రేసుకి 8 లీటర్ల ఇంజన్ బిగించి తెచ్చారు. బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మలుపుల దగ్గర గోడలా పైకి లేచి ఉండేది. కారు ఆ అంచు దాటి అవతల పడింది. నడుపుతున్నది జాక్ తోబుట్టువు క్లైవ్ డన్‌ఫీ. అక్కడికక్కడే పోయాడు. 1932 సెప్టెంబరు 24.

వ్యాఖ్యాత: అయ్యో. అంతటితో ఆ కారు తుక్కులోకి పోవాలి కదా?

మేష్టారు: పోలేదు. బార్నాటో దాన్ని మళ్లీ కట్టించి, పైకప్పున్న కూపే బాడీ వేయించాడు. తర్వాత చేతులు మారింది. చివరికి ఎడ్వర్డ్ హబ్బర్డ్ అనే ఆయన కొని, పాత రేసు కారు రూపానికి తెచ్చాడు. అసలు గొడవ అక్కడ మొదలైంది.

లాయరు: 1990 ఏప్రిల్‌లో ఆ కారు అమ్మడానికి ఒప్పందం. ధర కోటి పౌండ్లు. తర్వాత కొన్న కంపెనీ వెనక్కి తగ్గింది. 'ఇది ఆ కారే కాదు, మేం తీసుకోం' అంది. హబ్బర్డ్ కోర్టుకెక్కాడు. అక్కడ కారుని ముక్క ముక్కగా విచారించారు, పోస్టుమార్టం అనుకోండి. 1929లో గెలిచిన కారుది ఏం మిగిలింది? ఏ కాలానివో చెప్పలేని చిల్లర సామాను తప్ప ఏమీ లేదు. 1930 కారువి పెడల్ షాఫ్ట్, అంటే పెడళ్లు బిగించే కడ్డీ, గేర్‌బాక్స్ పెట్టె, స్టీరింగ్ కాలమ్. అంతే.

మేస్త్రీ: (నవ్వుతూ) ఆ మూడూ నా షెడ్డులో మూల పడి ఉంటాయి. వాటికి కోటి పౌండ్లా!

లాయరు: అయినా జూలైలో జస్టిస్ ఆటన్ హబ్బర్డ్ వైపే తీర్పిచ్చారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి 'ఒరిజినల్' కారు కాదు, కానీ 'అథెంటిక్', అంటే నిజమైన ఓల్డ్ నంబర్ వన్ ఇదే అన్నారు. భాగాలన్నీ ఒక్కసారిగా మారలేదు, కొద్దికొద్దిగా ఏళ్ల మీద కలిసిపోయాయి, ఏ దశలోనూ కారు తన గుర్తింపు పోగొట్టుకోలేదు అని లెక్క. అమ్మకానికి పెట్టింది లోహం ఒక్కటే కాదు, దాని చరిత్ర, పేరు కూడా అన్నారు.

మేస్త్రీ: ఇది నాకు మింగుడు పడదు. పూరీలో జగన్నాథుడి నందిఘోష రథం ప్రతి ఏడూ కొత్త కర్రతో కడతారు. 16 చక్రాలూ కొత్తవే. పేరు అదే. నిరుడు లాగిన రథం ఇదేనంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

మేష్టారు: రథం కొత్తదని లోకమంతటికీ తెలుసు. పాతదని చెప్పి ఎవరూ అమ్మడం లేదు కదా. మీరు నవకళేబరం సంగతి ఆలోచించండి. 2015లో జరిగింది. వేప దారువుతో కొత్త మూర్తులు చేశారు, బ్రహ్మపదార్థం ఒక్కటే పాత మూర్తి నుంచి కొత్త మూర్తిలోకి వెళ్లింది. కర్ర మారినా స్వామి మారలేదు.

వ్యాఖ్యాత: మేష్టారూ, దేవుడికీ కారుకీ పోలికేమిటని ఇప్పుడే ఫోన్లు మొదలవుతాయి.

మేష్టారు: పోల్చడం లేదమ్మా, అడుగుతున్నాను. అక్కడ ఒకటి పాత దాంట్లోంచి కొత్త దాంట్లోకి చేరింది. ఈ కారులో అలా చేరింది ఏమిటి? పెడల్ షాఫ్టా?

లాయరు: కాదు. తెగని వరస. నాలుగు సీజన్లు ఎక్కడా ఆగకుండా పెద్ద రేసుల్లో నడిచింది. ఏ ఏడు ఏ భాగం మారిందో తవ్వి తీయగలిగారు. పైగా 'ఓల్డ్ నంబర్ వన్ నేనే' అనే హక్కు ఇంకే బెంట్లీకీ లేదు.

మేస్త్రీ: అంటే పోటీకి ఇంకొకడు లేడు కాబట్టి గెలిచాడన్నమాట. తీసేసిన ఇంజనూ పాత ఛాసీ ఎవడో ఏరుకుని ఇంకో కారు కట్టి ఉంటే?

లాయరు: అప్పుడు జడ్జి గారికి నిద్ర పట్టేది కాదు.

వ్యాఖ్యాత: మన దగ్గరికొద్దాం. ఇదే కారు బరంపురం ఆర్టీవో ఆఫీసుకొస్తే?

లాయరు: వింటేజ్ కింద రిజిస్టర్ కాదు! 2021 నిబంధనల ప్రకారం బండికి 50 ఏళ్లు దాటాలి, అసలు రూపంలో ఉండాలి. ఛాసీ, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. అలా ఉంటే 20,000 రూపాయలు కట్టి 'వీఏ' అక్షరాలున్న నంబరు తీసుకోవచ్చు, పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజూ తిప్పకూడదు. లే మాన్స్ రెండుసార్లు గెలిచిన కారు మన కౌంటర్ దగ్గర ఫెయిలు.

మేస్త్రీ: చూశారా! మన సర్కారు నా మాటే అంటోంది.

మేష్టారు: రేసు కారు రూపం మారకుండా ఎలా ఉంటుంది మేస్త్రీ గారూ? రేసు నడిచినకొద్దీ అరుగుతుంది, విరుగుతుంది, మారుస్తారు. మారలేదంటే అది షెడ్డులో పడుకున్న కారు.

మేస్త్రీ: (కాసేపు ఆగి) అదీ నిజమే లెండి. కొరాపుట్ ఘాట్‌లో తిరిగే జీపొకటి ఎన్నో ఏళ్లుగా నా దగ్గరికే వస్తోంది. రెండు ఇంజన్లు, మూడు గేర్‌బాక్సులు మార్చాను. కమాను పట్టీలకైతే లెక్కే లేదు. ఛాసీకి కూడా రెండు చోట్ల ముక్క అతికాను. ఆ ఓనరు ఇప్పటికీ 'మా నాన్న జీపు' అంటాడు.

లాయరు: మార్చినవాటికి బిల్లులున్నాయా?

మేస్త్రీ: బిల్లులెక్కడివండీ! తీసేసిన సామాను మాత్రం గోనెసంచిలో కట్టి వెనకాల పెట్టాను. ఇంటిది రోజూ తిడుతోంది, తుక్కువాడికి వేసేయమని.

లాయరు: వేయకండి. రేపు ఇంటికెళ్లగానే సంచి విప్పి, ఏది ఎప్పుడు తీశారో ఒక్కోదానికీ చీటీ కట్టండి.

మేస్త్రీ: సంవత్సరాలు నాకెక్కడ గుర్తుంటాయి? ఆ ఓనర్నే పిలవాలి.